బంగారం, ప్రెజెంట్ సార్!

టెన్త్ మెమోలో మా అక్క కూతురి పేరు వెంకట సత్య నాగ లక్ష్మీ ప్రసన్న. వెంకట ఇలవేల్పుకి, సత్య నాయనమ్మకి, నాగ పుట్టలో పోసిన పాలకి, లక్ష్మి శుక్రవారం పుట్టినందుకు. ప్రసన్న ఒక్కటే అక్క పట్టుబట్టి పెట్టుకున్నది. మెమోలో ఏది పడితే ఇంటర్‌లోనూ, డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ దోస్త్‌లోనూ అదే. తర్వాత పేరు మార్చుకోవాలంటే గెజిట్ దాకా వెళ్లాలి. పైగా మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. ఆ ఇద్దరూ ఒకే పిల్ల అని నిరూపించడానికి బావ దగ్గర ఒక లావుపాటి ఫైలే ఉంది.

దోస్త్‌లో సిటీలోనే బీకాం సీటొచ్చింది. ఆ కాలేజీ ప్రిన్సిపాల్ గారు కొడుకు దగ్గరికి డల్లాస్ వెళ్లొచ్చారట. అమెరికాలో చాలా యూనివర్సిటీలు విద్యార్థిని ఏ పేరుతో పిలవాలో విడిగా రాయమంటాయి. ఫీజు సాయానికీ పన్ను కాగితాలకీ చట్టప్రకారం ఉన్న పేరే. క్లాసు హాజరుకి మాత్రం పిల్లలు కోరుకున్నది. రికార్డులో పేరు వింటేనే ముడుచుకుపోయే ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకి అదెంత ఊరటో! ప్రిన్సిపాల్ గారికి నచ్చి, మన అడ్మిషన్ ఫారంలోనూ ఒక గడి పెట్టించారు: 'పిలిచే పేరు'.

మంచి ఆలోచనే. కాకపోతే మన దగ్గర ఫారం నింపేది విద్యార్థి కాదు కదా.

పిల్ల టీసీ జిరాక్స్ తీయించడానికి బయటికెళ్లింది. పెన్ను బావ చేతిలో ఉంది. "నాగలక్ష్మి అని రాయి, మొక్కు" అంది ఆయన తల్లి. అక్క ప్రసన్న అంది. ఆయన ఇద్దరినీ చూసి, 'పిలిచే పేరు' అంటే మనం పిలిచేదేగా అనుకుని 'బంగారం' అని రాసేశారు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు తలెత్తకుండా కొట్టేశాడు.

ఐడీ కార్డు మీద బంగారం. హాజరు పట్టీలోనూ బంగారం. అకౌంట్స్ సారు కొత్తగా చేరిన కుర్రాడు, ఇంకా పెళ్లి కాలేదు. మొదటిరోజు తడుముకోకుండా "బంగారం!" అని పిలిచారు. వెనక బెంచీల నుంచి నలుగురు మగపిల్లలు "చెప్పండి సార్" అన్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మర్నాటి నుంచి రోల్ నంబర్లే.

ఒకరోజు కోఠి బస్సులో ఆధార్ మర్చిపోయి కాలేజీ కార్డు చూపించిందట. ఆడవాళ్లకి మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ నుంచి బస్సు ఉచితమే కానీ, తెలంగాణ అడ్రసున్న గుర్తింపు కార్డు చూపించాలి. కండక్టరమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి, "బంగారం ఎక్కడన్నా ఫ్రీగా వస్తదా బిడ్డా? ఆధార్ లేకపోతే టికెట్ తీస్కో" అంది. బస్సంతా నవ్వింది.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముట్టలేదు. "నన్ను ఏమని పిలవాలో నన్నొక్కదాన్నే ఎవ్వరూ అడగలేదు" అంది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నిజమే, పుట్టినప్పుడూ అడగలేదు. అప్పుడంటే మాటలు రావు.

మర్నాడు బావ ఆఫీసుకి సెలవు పెట్టి, ఫైలు చంకన పెట్టుకుని కాలేజీకి వెళ్లారు. గుమస్తా ఆ ఫైలు చూసి భయపడి, "పిలిచే పేరుకి గెజిట్లు అక్కర్లేదండీ, తెల్ల కాగితం చాలు. తండ్రి సంతకం పెట్టండి" అన్నాడు. ఈసారి పెన్ను పిల్ల చేతిలోనే ఉంది. పాత పేరు బంగారం, కొత్త పేరు ప్రసన్న అని గుండ్రంగా రాసింది. కింద బావ సంతకం పెట్టారు.

కొత్త కార్డులో ప్రసన్న అనే వచ్చింది. పిల్ల హాయిగా కాలేజీకి వెళ్తోంది, అంటే వెళ్లాలనిపించినప్పుడు. నెలాఖరుకి కాలేజీ నుంచి బావ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "శ్రీ బంగారం గారికి, మీ అమ్మాయి ప్రసన్న హాజరు తక్కువగా ఉంది. వెంటనే వచ్చి కలవగలరు."

అక్క దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది.