ధరలు తగ్గాయంటున్న నెలలో ఇంటి ఖర్చు ఎందుకు పెరిగింది?

2025 జూన్‌లో తెలంగాణలో రిటైల్ ద్రవ్యోల్బణం మైనస్ 0.93 శాతం. అంటే అంతకుముందు ఏడాది జూన్‌తో పోలిస్తే ధరలు పెరగకపోగా కాస్త తగ్గాయి. జులైలోనూ సున్నా కిందే ఉంది. ఆ రోజుల్లోనే హైదరాబాద్ మూసాపేటలో మా వెనక వీధిలో ఉండే ఒకావిడ తన లెక్కల నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు. "ధరలు తగ్గినయని టీవీల చెప్తున్నరు గదన్నా. మరి నా పైసలన్నీ ఏడికి పోతున్నయో జర చూడు" అన్నారు.

చూశాను. భర్త జీతం 26 వేలు, ఆమె కుట్టుపని మీద వచ్చేది ఐదారు వేలు. ఇద్దరు పిల్లలు. జూన్ పేజీలో బియ్యం పద్దు ఖాళీ. రేషన్ షాపులో మనిషికి నెలకు ఆరు కిలోల చొప్పున సన్నబియ్యం వచ్చాయి. కూరగాయల ఖర్చు నిరుటి కన్నా తక్కువే. ఆమె బస్సు ఖర్చు సున్నా. గ్యాస్ సబ్సిడీ బ్యాంకులో పడింది. అక్కడి దాకా ప్రభుత్వం చెప్పేదీ ఆమె రాసిందీ ఒకటే. పేజీ తిప్పితే స్కూల్ ఫీజు మొదటి టర్మ్ 18 వేలు, పుస్తకాలకు 7 వేలు, తర్వాత యూనిఫాం, బూట్లు, వ్యాను. అద్దె నిరుడు 8,500, ఇప్పుడు 9,500. పేజీ అడుగున 'చిట్టీ ఎత్తినం' అని రాసి, కింద రెండు గీతలు గీశారు.

అంకె అబద్ధం కాదు. అది కొలిచేది వేరు. ఆ లెక్క వేసిన వినియోగదారుల ధరల సూచీకి ఆధార సంవత్సరం, అంటే ధరలను పోల్చి చూసే ఏడాది, 2012. జనం దేని మీద ఎంత ఖర్చు పెడుతున్నారన్న వివరాలు 2011-12 సర్వేవి. అప్పటి దేశవ్యాప్త సూచీలో తిండి, పానీయాల వాటా 45.86 శాతం, ఇంటి అద్దె వాటా 10.07 శాతం, చదువు వాటా 4.46 శాతం. టమాట, ఉల్లి, పప్పుల ధరలు దిగితే సూచీ మొత్తం దిగుతుంది. పైగా 2024 వేసవిలో కూరగాయలు మండిపోయాయి కాబట్టి, దాంతో పోల్చినప్పుడు 2025 ఇంకా చల్లగా కనిపించింది.

అప్పటి గ్రామీణ సూచీలో అయితే అద్దె పద్దే ఉండేది కాదు. ఊళ్లో అందరికీ సొంత ఇల్లు ఉంటుందన్న లెక్క అది. కానీ పిల్లల చదువు కోసం తల్లి కరీంనగర్‌లోనో వరంగల్‌లోనో గది తీసుకుని ఉండడం, తండ్రి ఊళ్లో పొలం చూసుకోవడం ఇప్పుడు ఎన్ని ఇళ్లలో లేదు? రెండు పొయ్యిలు, రెండు కరెంటు బిల్లులు, ఒక్కటే పంట ఆదాయం. ఆ పంటకు ధర పడిపోతే దాన్ని 'ద్రవ్యోల్బణం తగ్గింది' అని మెచ్చుకోవడం నాకు బాధగా ఉంటుంది. 2025 మొదట్లో ఖమ్మం యార్డులో మిర్చి ధర పడిపోయి రైతులు ఎంత గగ్గోలు పెట్టారో చూశాం.

ఇక్కడ మన రాష్ట్రం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వంటింటి ఖర్చును ప్రభుత్వాలు నిజంగానే తగ్గించాయి. 2023 డిసెంబర్ నుంచి మహిళలకు ఉచిత బస్సు, 2024లో 500 రూపాయల గ్యాస్, 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు, 2025 ఉగాది నాడు మొదలైన సన్నబియ్యం. వీటిని ఉచితాలని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ నోట్‌బుక్‌లో అవి లేకపోతే చిట్టీ ఒకటి కాదు, రెండు ఎత్తాల్సి వచ్చేది. నా బాధల్లా ఏమిటంటే, అలా మిగిలిన డబ్బు ఆ ఇంట్లో ఉండటం లేదు. అద్దె, ఫీజుల రూపంలో వెళ్లిపోతోంది. ఆ రెండింటి మీద ప్రభుత్వం చెయ్యి పడటం లేదు.

కరెంటే తీసుకోండి. ఆవిడ ఉండే ఇంట్లో నాలుగు పోర్షన్లకు ఒకటే మీటరు. నలుగురిదీ కలిస్తే 200 యూనిట్లు ఎలాగూ దాటుతుంది, దాటితే పథకం వర్తించదు. ఓనరు సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 9 రూపాయలు వసూలు చేస్తున్నారు. గృహజ్యోతి అనే ఈ ఉచిత కరెంటు పథకం అద్దెకుండేవాళ్లకూ వర్తిస్తుంది. కానీ సొంత మీటరు ఉన్న పోర్షన్‌కు అద్దె ఎక్కువ.

ఫీజుల కథ ఇంకా పాతది. ప్రైవేటు స్కూళ్ల ఫీజులపై 2017లో తిరుపతిరావు కమిటీ వేశారు, నివేదిక కూడా వచ్చింది. 2025 నాటికీ ఫీజుల నియంత్రణ చట్టం రాలేదు. తమిళనాడు 2009లోనే చట్టం చేసుకుంది. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు, ఫీజు ఎక్కువైతే తల్లిదండ్రులు వెళ్లి అడగడానికి ఒక చోటు ఉంది. ఇక్కడ ఆవిడ అడిగితే స్కూల్లో వచ్చిన జవాబు, "కట్టలేకపోతే టీసీ తీసుకోండి".

ప్రయాణ ఖర్చు పెంచడంలో మాత్రం ప్రభుత్వం చెయ్యి నేరుగానే ఉంది. పెట్రోల్‌పై రాష్ట్రం వేసే అమ్మకం పన్ను (వ్యాట్) 35.2 శాతం. 2025లో ఢిల్లీలో లీటరు 95 రూపాయల లోపుంటే హైదరాబాద్‌లో 107 దాటింది. డెలివరీ బాయ్‌కి, ర్యాపిడో నడిపే కుర్రాడికి అది రోజు కూలీలో కోత. ఆ జూన్‌లోనే సిటీ ఆర్డినరీ బస్ పాస్ 1,150 నుంచి 1,400కు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాస్ 1,300 నుంచి 1,600కు పెరిగింది. భార్యకు టికెట్ లేదు, భర్త పాస్‌కు 300 పెరిగింది. వైద్యం గురించి ఒక్క మాట: ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచడం మంచి పనే. కానీ నెలనెలా కొనే బీపీ, షుగర్ మందుల చీటీ ఆ లెక్కలోకి రాదు.

2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం 3.79 లక్షలు. ఆ లెక్కన నలుగురున్న ఆ ఇంటికి ఏడాదికి 15 లక్షలు రావాలి. వస్తున్నది నాలుగు లక్షలు కూడా లేదు. కానీ ఆ వీధిలో అద్దెలు, ఫీజులు 15 లక్షలు వచ్చేవాళ్లను చూసే పెరుగుతున్నాయి.

దసరా తర్వాత ఓనరు మరో వెయ్యి పెంచమన్నారు. సెకండ్ టర్మ్ ఫీజు కూడా అప్పుడే. ఆవిడా, భర్తా ఇప్పుడు ఆదివారాలు పటాన్‌చెరు వైపు టు-లెట్ బోర్డులు చూసుకుంటూ తిరుగుతున్నారు. అక్కడ అద్దె రెండు వేలు తక్కువ. అయితే అక్కణ్నుంచి భర్త డ్యూటీకి రెండు బస్సులు మారాలి, పిల్లలకు కొత్త స్కూల్లో అడ్మిషన్ ఫీజు మళ్లీ కట్టాలి. ఆ లెక్క కూడా నోట్‌బుక్ చివరి పేజీలో పెన్సిల్‌తో వేసి పెట్టుకున్నారు. ఇంకా తేలలేదు.