అడవి ఒక ఏడు, ఊరు ఒక ఏడు: ఓరియెంటీరింగ్‌ను మార్చిన 2019 సీజన్

2019 ఆగస్టులో నార్వేలోని ఓస్ట్‌ఫోల్డ్‌లో ప్రపంచ ఓరియెంటీరింగ్ చాంపియన్‌షిప్ జరిగింది. మ్యాప్ చూసుకుంటూ, దారి తామే వెతుక్కుంటూ పరిగెత్తే ఆట ఇది. అంతకుముందు ఏడాది లాట్వియాలో అడవి పోటీలు, ఊరి వీధుల్లో జరిగే స్ప్రింట్లు అన్నీ ఒకే చాంపియన్‌షిప్‌లో భాగం. ఓస్ట్‌ఫోల్డ్‌లో స్ప్రింట్ ఊసే లేదు. ఆ ఏడాది నుంచే కొత్త పద్ధతి మొదలైంది. బేసి సంవత్సరాల్లో అడవి: లాంగ్ (దూరపు పోటీ), మిడిల్ (అంతకన్నా చిన్నది), రిలే. సరి సంవత్సరాల్లో ఊరు: స్ప్రింట్, స్ప్రింట్ రిలే, వాటికి తోడు కొత్తగా నాకౌట్ స్ప్రింట్. చాంపియన్‌షిప్ చిన్నదైతే నిర్వహించడం తేలిక, ఊళ్లోకి తెస్తే జనం వస్తారు, కెమెరాలు వస్తాయి. ఈ మార్పును సమర్థించినవాళ్ల వాదన స్థూలంగా ఇదే.

ఈ విభజన వల్ల మేలే జరిగిందని నా అభిప్రాయం. అయితే ఆ మేలు కెమెరాల వల్ల రాలేదు.

ఈ ఆట మన దగ్గర పెద్దగా తెలియదు కాబట్టి కాస్త వివరం అవసరం. పరుగు మొదలయ్యే క్షణం దాకా మ్యాప్ చేతికి రాదు. అందులో వరుసగా నంబర్లు వేసిన వృత్తాలు ఉంటాయి. ఒక్కో వృత్తం మధ్యలో చూపిన చోట, బండరాయి పక్కనో వాగు మలుపులోనో, నారింజ-తెలుపు రంగుల గుడ్డ వేలాడుతూ ఉంటుంది. అదే కంట్రోల్. అన్ని కంట్రోళ్లనూ వరుస తప్పకుండా తాకి, అందరికన్నా తక్కువ సమయంలో వచ్చినవాళ్లు గెలుస్తారు. ఏ దారిన వెళ్లాలో ఎవరూ చెప్పరు. గుట్ట ఎక్కి దిగాలా, చుట్టూ తిరిగి వెళ్లాలా అన్నది నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ గీతలు చూసి ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. అదీ పరుగు ఆపకుండా. లాంగ్‌లో సాధారణంగా 1:15,000 మ్యాప్ ఇస్తారు, అంటే మ్యాప్ మీద సెంటీమీటరు నేల మీద 150 మీటర్లు. మగవాళ్లకు గంటన్నర దాటే పోటీ అది. స్ప్రింట్ 12 నుంచి 15 నిమిషాల్లో అయిపోతుంది, మ్యాప్ 1:4,000. అక్కడ గుట్టలుండవు కానీ సందులుంటాయి, మెట్లుంటాయి, దాటకూడని గోడలుంటాయి. మ్యాప్‌లో లావు నల్లగీతతో చూపిన గోడ నిజానికి మోకాలి ఎత్తే ఉన్నా సరే, దూకితే అనర్హతే.

ఒకదానిలో తప్పు చేస్తే నిమిషాలు పోతాయి, రెండోదానిలో సెకన్లు. రెండింటికీ వేర్వేరు చాంపియన్‌షిప్ పెడితే ఆటే రెండుగా చీలిపోతుందని భయపడినవాళ్లు ఉన్నారు. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు.

ఓస్ట్‌ఫోల్డ్ ఫలితాలు మాత్రం పాత కథనే చెప్పాయి. మగవాళ్ల లాంగ్, మిడిల్ రెండూ ఆతిథ్య దేశపు ఓలావ్ లుండానెస్ గెలిచాడు. స్వీడన్‌కు చెందిన టోవె అలెగ్జాండర్సన్ లాంగ్, మిడిల్, రిలే మూడింట్లోనూ స్వర్ణం తీసుకుంది. మగవాళ్ల రిలే కూడా స్వీడన్‌కే దక్కింది. స్విట్జర్లాండ్ యువతి సిమోనా ఎబర్‌సోల్డ్ అప్పటికి 21 ఏళ్లది, రెండు వ్యక్తిగత పోటీల్లోనూ పతకం అందుకుంది. నార్వే, స్వీడన్, స్విట్జర్లాండ్: దశాబ్దాలుగా అడవి పతకాల పట్టికలో పైన కనిపించే పేర్లివే.

దీన్ని ఊరికే ప్రతిభ అనుకుంటే పొరపాటు. ఓస్ట్‌ఫోల్డ్ నార్వే ఆగ్నేయ మూలన, స్వీడన్ సరిహద్దును ఆనుకుని ఉంది. రాతి గుట్టలు, పైన్ చెట్లు, మధ్యమధ్య బురద నేలలు. ఇలాంటి నేల మీద చిన్నప్పటి నుంచి పరిగెత్తినవాళ్లకు కాంటూర్ గీత చూడగానే నేల కళ్ల ముందు కనిపిస్తుంది. మిగతా దేశాలవాళ్లు శిక్షణ శిబిరాలకు వచ్చి అది నేర్చుకోవాలి, దానికి డబ్బు కావాలి. పోటీ జరిగే అడవినైతే చాలా ముందుగానే మూసేస్తారు. క్రీడాకారులెవరూ అందులో అడుగుపెట్టకూడదు, దీన్నే ఎంబార్గో అంటారు. కానీ ఎంబార్గో ఆ ఒక్క అడవికే. పక్కనున్న అడవి, అచ్చం అలాంటి అడవి, అక్కడివాళ్లకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నాలుగేళ్ల తర్వాత, 2023లో స్విట్జర్లాండ్‌లోని ఫ్లిమ్స్-లాక్స్‌లో చాంపియన్‌షిప్ జరిగితే ఆడవాళ్ల లాంగ్ ఎబర్‌సోల్డ్, మగవాళ్ల మిడిల్ మతియాస్ కిబుర్జ్ గెలిచారు. ఇద్దరూ స్విస్‌లే.

ఇక 2019 సీజన్‌లో వార్తల్లోకెక్కిన ఘట్టం ఈ చాంపియన్‌షిప్ కానేకాదు. అక్టోబర్‌లో చైనాలోని వూహాన్‌లో జరిగిన ప్రపంచ సైనిక క్రీడలు. అక్కడ మిడిల్ పోటీలో చైనా మహిళలు మొదటి, రెండు, నాలుగు స్థానాల్లో వచ్చారు, మగవాళ్లలో ఒకరు రెండో స్థానం.  రష్యా, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సహా ఆరు యూరప్ దేశాలు ఫిర్యాదు చేశాయి. విచారణలో తేలింది ఏమిటంటే, అడవిలో ఉన్న ప్రేక్షకులు చైనా క్రీడాకారులకు సాయం చేశారు, గుర్తులు పెట్టారు, వాళ్లకు మాత్రమే తెలిసిన చిన్న దారులు ముందే సిద్ధం చేశారు. ఆ చైనా క్రీడాకారులందర్నీ అనర్హులను చేశారు. ఓరియెంటీరింగ్ అనే మాట ఎన్నడూ రాయని పత్రికలు కూడా ఆ వారం రాశాయి. ప్రచారం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఆటకు అది ఇలా దొరకడం పాపం అనిపిస్తుంది.

ఆ మోసం ఈ ఆట గురించి ఒక సంగతి బయటపెట్టింది. పరుగు పందెంలో మోసమంటే మందులు గుర్తొస్తాయి. ఇక్కడ ఒక కాలిబాట చాలు. మ్యాప్‌లో ఉన్నది నేల మీద ఉండాలి, మ్యాప్‌లో లేనిది నేల మీద ఉండకూడదు. ఈ ఒప్పందం మీదే పోటీ అంతా నిలబడి ఉంది. అడవిలో ప్రతి పొద వెనుకా అంపైర్‌ను నిలబెట్టలేరు. అందుకే పెద్ద పోటీల్లో జీపీఎస్ పరికరం కట్టి పంపడం, ఒక కంట్రోల్ నుంచి మరో కంట్రోల్‌కు పట్టిన సమయాన్ని అందరికీ కనబడేలా పెట్టడం ప్రేక్షకుల సరదా కోసమే కాదు, ఆట నిజాయితీ కోసం కూడా. ఎవరు ఎక్కడ ఎంత ఆగారో, ఏ దారి పట్టారో ఆ రాత్రికి ఎవరైనా చూడొచ్చు.

టీవీ విషయానికి వస్తే, అంతర్జాతీయ ఓరియెంటీరింగ్ సమాఖ్యను ఒలింపిక్ కమిటీ 1977లోనే గుర్తించింది. ఇప్పటిదాకా వేసవి ఒలింపిక్స్‌లో చోటు దొరకలేదు. ఒలింపిక్స్‌లో లేని ఆటల కోసం జరిగే వరల్డ్ గేమ్స్‌లో 2001 నుంచి ఉంది, అంతే. ఊళ్లోకి వస్తే కెమెరాకు అందుతుంది, ఒలింపిక్ తలుపు తెరుచుకుంటుంది అన్న ఆశ స్ప్రింట్ వెనుక ఎప్పటి నుంచో ఉంది. ఆ ఆశ ఎంత నెరవేరిందో కిబుర్జ్‌ను చూస్తే తెలుస్తుంది. ప్రపంచ చాంపియన్ అయిన అతను ఒలింపియన్ కావడానికి ఓరియెంటీరింగ్ పనికిరాలేదు. 2024 ఏప్రిల్‌లో పారిస్‌లో తన తొలి మారథాన్‌ను 2 గంటల 7 నిమిషాల 44 సెకన్లలో పూర్తి చేసి అర్హత సాధించాడు. ఆగస్టులో అదే నగరంలో ఒలింపిక్ మారథాన్ పరిగెత్తి 30వ స్థానంలో వచ్చాడు. అందులో మ్యాప్ లేదు, దారి ఎంపిక లేదు. రోడ్డు మీద నీలిగీత వెంబడి పరుగు.

పైగా ఈ ఆటకు జనం లేరన్న మాటే సరికాదు. ఫిన్లాండ్‌లో 1949 నుంచి జరుగుతున్న యుకోలా రిలేనే చూడండి. జూన్ మధ్యలో శనివారం రాత్రి 11 గంటలకు, తలకు లైట్లు కట్టుకుని వందలమంది ఒక్కసారిగా అడవిలోకి దూకుతారు. జట్టుకు ఏడుగురు. తెల్లవారి పొద్దెక్కాక గానీ చివరి మనిషి రాడు. 2019లో కంగసాలాలో జరిగింది. అదే వారాంతంలో మహిళలకు నాలుగు అంచెల వెన్లా రిలే కూడా ఉంటుంది. రెండూ కలిపితే 15 వేలకు పైగా మంది పరిగెత్తే జాతర అది. ప్రపంచ చాంపియన్ ఉన్న జట్టూ, ఆఫీసు ఉద్యోగులు సరదాగా కట్టిన జట్టూ ఒకే గీత మీద నిలబడతాయి. స్వీడన్‌లో జూలైలో ఐదు రోజులు జరిగే ఓ-రింగెన్ కూడా అలాంటిదే, పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా. అంటే ఈ ఆటలో చూసేవాడు, ఆడేవాడు చాలావరకు ఒకడే. ఆ జనం వచ్చేది తేలికైన, కెమెరాకు నచ్చే పోటీ కోసం కాదు. చీకటి, బురద, దారి తప్పే భయం ఉన్న పోటీ కోసం. సమాఖ్య ఈ లెక్కను కాస్త తక్కువగా అంచనా వేసిందేమో అనిపిస్తుంది.

మరి విభజన వల్ల వచ్చిన మేలేమిటి? పతకాలు అందుకున్న పేర్లు చూస్తే సరి. 2020లో డెన్మార్క్‌లో జరగాల్సిన తొలి స్ప్రింట్ చాంపియన్‌షిప్ కోవిడ్ వల్ల 2022కు వాయిదా పడింది. అక్కడ ఆడవాళ్ల స్ప్రింట్ స్వర్ణం బ్రిటన్‌కు చెందిన మెగన్ కార్టర్ డేవిస్‌ది. 2024లో ఎడిన్‌బరోలో నాకౌట్ స్ప్రింట్ స్వర్ణం స్కాట్లండ్ అమ్మాయి గ్రేస్ మొలాయ్‌ది, అదీ సొంత జనం ముందు. నాకౌట్‌లో ఆరుగురు చొప్పున ఒకేసారి బయల్దేరతారు, ఎవరు ముందున్నారో కళ్లకు కనిపిస్తుంది, ఆఖరి సందు మలుపులో తప్పు దారి పట్టినవాళ్లు అక్కడికక్కడే ఓడిపోతారు. చూడ్డానికి టెన్షన్‌గానే ఉంటుంది, ఒప్పుకోవాలి. కానీ అసలు సంగతి వేరు. సందులు, మెట్లు, ప్రాంగణాలు ప్రతి దేశంలోనూ ఉన్నాయి. సాధన చేయడానికి ఉత్తర యూరప్ అడవే అక్కర్లేదు. అడవిలో ఏళ్ల తరబడి కూడే అనుకూలత వీధిలో చాలావరకు కరిగిపోతుంది.

ఇది విభజనతోనే రాలేదనీ, స్ప్రింట్ 2001 నుంచే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఉందనీ ఎవరైనా అనొచ్చు. నిజమే. కొండల్లేని డెన్మార్క్ నుంచి వచ్చిన మాయా ఆల్మ్ 2015, 2016, 2017లో వరుసగా స్ప్రింట్ గెలిచింది. కానీ అప్పుడు స్ప్రింట్ అన్నది అడవి వారానికి ముందు వచ్చే ఒక పోటీ మాత్రమే. ఇప్పుడు అది సొంత ఏడాది ఉన్న చాంపియన్‌షిప్. ఒక చిన్న సమాఖ్య తన కొద్దిపాటి డబ్బును నలుగురు స్ప్రింటర్ల మీద పెట్టి రెండేళ్లు సిద్ధం కావొచ్చు. అంతకుముందు అలా పెట్టడానికి కారణమే కనిపించేది కాదు.

ఆట రెండుగా చీలిపోతుందన్న భయం కూడా పూర్తిగా నిజం కాలేదు. నార్వేకు చెందిన కాస్పర్ ఫోసెర్ 2021, 2023లో అడవి లాంగ్ గెలిచాడు, మధ్యలో 2022లో వీధి స్ప్రింట్ కూడా గెలిచాడు. మినహాయింపుగా స్ప్రింట్‌నూ అడవినీ కలిపి నడిపిన 2021 చెక్ చాంపియన్‌షిప్‌లో అలెగ్జాండర్సన్ రెండు చోట్లా స్వర్ణం తీసుకుంది. అత్యున్నత స్థాయిలో ఉన్నవాళ్లు రెండూ చేస్తూనే ఉన్నారు. నష్టమంతా ఆ కింది స్థాయిలో ఉంది. అడవిలో మాత్రమే మెరిసే రన్నర్‌కు చాంపియన్‌షిప్ ఏడాది జూలైలో మడమ బెణికితే మళ్లీ అవకాశం రెండేళ్ల తర్వాతే. ముప్పై దాటినవాళ్లకు రెండేళ్లంటే ఒక్కోసారి మిగిలిన కెరీర్ మొత్తం. స్పాన్సర్లు లేని ఆటలో, ఉద్యోగం చేసుకుంటూ పరిగెత్తేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ప్రతి ఏటా ప్రపంచకప్ రౌండ్లు అడవిలోనూ జరుగుతున్నాయి కదా అంటారు, కానీ ప్రపంచకప్ రౌండ్ గెలిచినవాళ్ల పేరు పక్కన ప్రపంచ చాంపియన్ అని రాయరు.

మన దేశంలో ఈ ఆట ఇంత వెనక ఉండటానికి కాళ్లలో బలం లేకపోవడం కారణం కాదు, మ్యాప్‌లు లేకపోవడం ఒక పెద్ద కారణం. ఉత్తర యూరప్‌లో క్లబ్బులు తమ అడవికి తామే 1:10,000 మ్యాప్ గీసుకుంటాయి. మన దగ్గర సర్వే ఆఫ్ ఇండియా సామాన్యులకు ఇచ్చిన మ్యాప్‌లు 1:50,000వి, సెంటీమీటరుకు అర కిలోమీటరు. ఎన్‌సీసీ క్యాడెట్లు మ్యాప్ రీడింగ్ నేర్చుకుంటారు కానీ బండరాయి వెనుక ఉన్న కంట్రోల్‌ను అలాంటి మ్యాప్‌తో వెతకడం కుదరని పని. వివరంగా సొంత మ్యాప్ తయారు చేద్దామంటే చాలాకాలం అనుమతుల చిక్కు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం జియోస్పేషియల్ మార్గదర్శకాలను సడలించాక భారతీయ సంస్థలు, వ్యక్తులు ముందస్తు అనుమతి లేకుండా మ్యాప్‌లు తయారు చేయొచ్చు. నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ హైదరాబాద్‌లోనే ఉంది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. మ్యాప్ గీయడం తెలిసినవాళ్లకు ఈ నగరంలో కొదవ లేదు.

నల్లమల అడవికి ఓరియెంటీరింగ్ మ్యాప్ గీయాలంటే అటవీ శాఖ అనుమతి, పులుల సంరక్షణ, ఇంకా ఎన్నో అడ్డొస్తాయి. ఒక యూనివర్సిటీ క్యాంపస్‌కు 1:4,000 స్ప్రింట్ మ్యాప్ గీయడానికి అవేవీ అక్కర్లేదు. క్యాంపస్ అధికారులు ఒప్పుకుంటే చాలు. స్కాండినేవియా వాళ్లు తమ అడవిని వదులుకున్నట్టు బాధపడిన ఆ మార్పే, అడవి పోటీకి దారి లేని మనలాంటి దేశాలకు మొదటి మెట్టు చూపించింది.