క్వార్టరు సిద్ధాంతం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి పండ్లు రాలడం మొదలైందంటే పలాస నుంచి పాలకొండ దాకా ఒక శాస్త్రం నిద్ర లేస్తుంది. మూలసూత్రం ఒక్కటే: కిలో పండ్లు, క్వార్టరు మందు, కాసింత పంచదార, ఇంట్లోనే ఫారిన్ లిక్యూర్, అంటే పండు నానిన తీపి మందు. "క్వార్టరు సాలదేటి?" అన్నది దీని ఉపనిషత్తు. గోవా వాళ్లు ఇదే పండుతో ఫెనీ అనే సారా కాచి 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మనం పిక్క తీసుకుని పండుని ఆవులకి వదిలేసేవాళ్లం. ఇప్పుడిలా పైకొచ్చాం.

శాస్త్రవేత్తల్ని కాదనే అర్హత మనకెక్కడిది! లెక్క మాత్రం వేద్దాం. క్వార్టరు 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది, అంటే అసలు ఆల్కహాలు 77 మిల్లీలీటర్లు. కిలో పండులో దాదాపు 850 మిల్లీలీటర్లు నీళ్లే. రెండూ కలిస్తే మిగిలే బలం ఏడెనిమిది శాతం. ఆ బలానికి పండుని పులియబెట్టే ఈస్టు చావదు సరికదా, పంచదార చూసి పెళ్లి చేసుకుంటుంది.

ఆ పెళ్లి అటక మీద, బియ్యం డబ్బా వెనక, పాత దుప్పటి కింద జరుగుతుంది. మూడో రోజు బుడగలు. "పనిచేస్తంది" అని సంబరం. అయిదో రోజు మూత ఉబ్బుతుంది, సంబరం రెట్టింపు. ఏడో రోజు మధ్యాహ్నం, వియ్యంకులు విస్తళ్ల ముందు కూర్చున్న వేళ, పైనుంచి ఢాం! తిత్లీ తుపాను 2018లోనే వెళ్లిపోయింది కదా అనుకుంటూ పెద్దాయన లేచి నిలబడతాడు. పప్పులో పండు ముక్క తేలుతుంది. వియ్యపురాలి పట్టుచీర మీద జీడి రసం. ఆ మరక ఉతికినా పోదు, దాని మీద పడే మాటా పోదు. "ఆవకాయ జాడీయేనమ్మా" అంటాడు శాస్త్రవేత్త. ఆవకాయ వాసన తెలీని ఇల్లు ఈ జిల్లాలో ఉందా?

అసలు లెక్క ఇది: 750 మిల్లీలీటర్ల వోడ్కాకి 400 గ్రాముల పండు మించకూడదు. పటికబెల్లం 200 గ్రాములు. అది మెల్లగా కరుగుతుంది కాబట్టి ముందు మందు పండులోకి దిగుతుంది, ఆ తర్వాత తీపి రసాన్ని బయటికి లాగుతుంది. పండు నీళ్లు వదిలాక కూడా పాతిక శాతం బలం నిలుస్తుంది. పండు రాలిన రోజుదే కావాలి, మర్నాటికి పులుస్తుంది. పిక్కని మెలితిప్పి తీయాలి, చాకు తగిలిందంటే తొక్కలోని నూనెకి చేతులు, మూతి పొక్కుతాయి. ముక్కల్ని పది నిమిషాలు ఆవిరి పడితే వగరు కొంత దిగుతుంది. గాజు జాడీలో ముక్కలు మునిగే ఉండాలి, పైకి తేలినవే బూజు పడతాయి. నెల తర్వాత పలచటి గుడ్డలో వడకట్టడమే.

బలం చాలదని ఎలాగో అర్థమైన మేధావి ఒకడుంటాడు. "మందుల షాపులో స్పిరిట్ దొరుకుతాది కదేటి, పండేస్తే ఘాటు పోతాది" అంటాడు. ఇక నవ్వు రాదు. ఒరే, "పైపూతకు మాత్రమే" అని రాసింది ఎవడి కోసంరా? అలాంటి స్పిరిట్లో తాగకూడదనే వేరేవి కలుపుతారు. అందులో మిథనాలనే విషపు ఆల్కహాలు ఉంటే కంటి నరం చస్తుంది, ఆ తర్వాత మనిషి. పండు ఆ వాసనని దాస్తుందే తప్ప విషాన్ని విరవదు. నెల నానినా మిథనాలు మిథనాలే. అంటిస్తే నీలం మంట వచ్చిందట, కాబట్టి మంచిదట! తాగే ఆల్కహాలూ మిథనాలూ రెండూ అలాగే మండుతాయి. ఇంటికొచ్చిన మనిషికి గ్లాసులో పోసి ఇచ్చేది పరీక్షించడానికా?

మన శాస్త్రవేత్త అటక కడుగుతున్నాడు. గోడ మరక సున్నం మీంచి కూడా తేలుతోంది. జూన్‌లో నేరేడు పళ్లొస్తాయి, రెండు కిలోలకి ఒక క్వార్టరు సాలదేటి అని అడుగుతున్నాడు.