శని మీద అభ్యంతరం

శని గ్రహం మీద, హనుమకొండలో పోటీ పరీక్షలకు చదివే కిషన్‌పుర, నయీంనగర్ నిరుద్యోగుల తరఫున ఒక అభ్యంతరం నమోదు చేయక తప్పడం లేదు. 2025 మార్చిలో ఆ గ్రహం ఖాతాలో ఒక్కసారిగా 128 కొత్త చంద్రులు వచ్చి చేరాయి. అంతకుముందు ఉన్నవి 146. మొత్తం 274. ముందస్తు సమాచారం లేదు, గెజిట్ లేదు, అప్పటికే ఫీజు కట్టిన అభ్యర్థుల గతేమిటన్న ఆలోచన లేదు. అద్దె గదుల్లో పప్పుచారు తింటూ పిల్లలు బట్టీ పట్టిన ఒక మార్కును, 140 కోట్ల కిలోమీటర్ల అవతల కూర్చుని ఆవిరి చేయడం ఏ గ్రహానికీ తగని పని. ఏలినాటి శని అంటే ఏడున్నరేళ్లకు వదిలేవాడని పెద్దలు చెప్పేవారు. గ్రూప్స్ రాసేవాళ్ల విషయంలో ఆ గడువు కూడా పాటించడం లేదు.

చేతులు మారీ మారీ నా దగ్గరికి వచ్చిన ఒక పాత బిట్ బ్యాంకును ఇందుకు సాక్ష్యంగా సమర్పిస్తున్నాను. సౌరకుటుంబం పేజీలో శని చంద్రుల దగ్గర అచ్చులో ఉన్న సంఖ్య 62. ఎవరో నీలం పెన్నుతో దాన్ని కొట్టేసి పైన 82 అని రాశారు. అది 2019 నాటి యజమాని అయి ఉండాలి, ఆ ఏడే శని 79 చంద్రుల గురుణ్ని దాటేసింది. పక్కన ‘వెరీ ఇంపార్టెంట్’ అని రెండు గీతలు. 2023 ఫిబ్రవరిలో గురుడు 92తో మళ్లీ పైకి వచ్చాడు కాబట్టి తర్వాతి యజమాని ఎర్ర పెన్నుతో అదంతా కొట్టేసి ‘గురుడే ఫస్ట్’ అని తీర్పు ఇచ్చాడు. ఆ తీర్పు మే నెల దాకా నిలిచింది. మేలో శని ఏకంగా 145కు ఎగబాకింది. ఈసారి రాసినవాడు బుద్ధిమంతుడు, పెన్సిల్ వాడాడు. రబ్బరు పెట్టి చెరిపి 146, మళ్లీ చెరిపి 274. చివరి రుద్దుడుకు కాగితం చిరిగి ఆ చోట చిన్న చిల్లు పడింది. చిల్లులోంచి వెనక పేజీలోని మాట కనిపిస్తుంది. ప్రస్తుతం ఆ పుస్తకం ప్రకారం శనికి ఉన్న చంద్రుల సంఖ్య: ఆర్యభట్ట.

శని తరఫు వాదన కూడా వినడం ధర్మం కనుక వింటున్నాం. ఈ కొత్తవాళ్లెవరూ మన చందమామ లాంటివాళ్లు కాదట. కొన్ని కిలోమీటర్ల వెడల్పున్న రాళ్లు. ఎప్పుడో పెద్దవి ఢీకొని పగిలితే మిగిలిన ముక్కలు కావచ్చంటున్నారు. చాలావరకు శని తిరిగే దిక్కుకు ఎదురు తిరుగుతాయి. హవాయిలో కొండమీద ఉన్న టెలిస్కోపుతో ఆకాశాన్ని గంటల తరబడి ఫొటోలు తీసి, గ్రహం కదలికను బట్టి వాటిని జరిపి ఒకదానిమీద ఒకటి పేరిస్తే, విడిగా ఏ ఫొటోలోనూ కనపడని మసక చుక్క తేలుతుంది. అది నిజంగా శని చుట్టే తిరుగుతోందని తేలడానికి ఏళ్లు పడుతుంది. అంటే ఇవి కొత్తగా పుట్టినవి కావు, కొత్తగా గుర్తింపు పొందినవి. ఎప్పటినుంచో పనిచేస్తూ ఇన్నాళ్లకు రెగ్యులరైజ్ అయ్యాయన్నమాట. ఈ కోణంలో చూస్తే కాంట్రాక్టు లెక్చరర్లకు వాటిమీద కొంత సానుభూతి కలగొచ్చు. నాకు కలగలేదు.

నిజానికి ఉన్నచోటే ఉంటూ జవాబు మారిపోవడం వరంగల్ వాళ్లకు కొత్తేమీ కాదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి అంగుళం జరగకుండానే వరంగల్ జిల్లాలోంచి 2016లో వరంగల్ అర్బన్‌లోకి, 2021లో హనుమకొండ జిల్లాలోకి వెళ్లింది. రామప్ప మూడు జిల్లాలు తిరిగి ములుగులో తేలాక యునెస్కో కంట్లో పడింది. శ్రీహరికోట దీవి కూడా రాకెట్లను పంపుతుందే తప్ప తను కదలదు. అయినా 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి మారింది. ‘షార్ ఏ జిల్లాలో ఉన్నది’ అనే బిట్టుకు నెల్లూరు అని దిద్దుకున్న తరం ఒకటి, తిరుపతి అని దిద్దుకుంటున్న తరం ఒకటి. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. అద్దె సగం సగం.

ప్లూటో సంగతి వేరు. అది అన్యాయానికి గురైన ఉద్యోగి. 1930లో క్లైడ్ టాంబా కనిపెట్టగానే తొమ్మిదో పోస్టులో నియమించారు. 2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం వాళ్లు చేతులెత్తి తీసేశారు. ఆరోపణ ఏమిటంటే, తన కక్ష్య పరిసరాలను శుభ్రంగా ఉంచుకోలేదట. ఈ నిబంధన మన మున్సిపాలిటీలకు వర్తింపజేస్తే ఎన్ని పట్టణాలు మిగులుతాయో ఆలోచించండి. అసలు ఘోరం ఇది కాదు. ప్లూటో సూర్యుణ్ని ఒకసారి చుట్టిరావడానికి మన లెక్కన 248 ఏళ్లు. అది గ్రహంగా కొలువు చేసింది 76 ఏళ్లు. దాని క్యాలెండర్ ప్రకారం నాలుగు నెలలు కూడా నిండలేదు. ప్రొబేషన్ ఖరారు కాకముందే ఇంటికి పంపారు. ఆ ఏడాది జనవరిలోనే దానికోసం న్యూ హొరైజన్స్ నౌక బయల్దేరి ఉంది, అందులో టాంబా చితాభస్మం కొంత ఉంది. బయల్దేరినప్పుడు గ్రహం, 2015 జులై 14న చేరేసరికి మరుగుజ్జు గ్రహం. కనిపెట్టిన మనిషి బూడిదను అంతదూరం మోసుకెళ్లి డిమోషన్ చూపించిన సందర్భం పాలనా చరిత్రలో మరొకటి లేదు.

ఇక శుక్రుడు. సూర్యుడికి దగ్గరున్నది బుధుడైతే ఎక్కువ వేడి బుధుడి మీద ఉండాలి కదా అని బుర్ర వాడినవాడికి మార్కు పోతుంది, బట్టీ పట్టినవాడికి వస్తుంది. శుక్రుడి గాలిలో నూటికి 96 పాళ్లు బొగ్గుపులుసు వాయువు, వచ్చిన వేడిని బయటికి పోనివ్వదు. అందుకే 465 డిగ్రీలు. రోళ్లు పగలడానికి రోహిణి కార్తె దాకా ఆగనక్కర్లేదు. పైగా తన చుట్టూ తాను తిరగడానికి 243 రోజులు, సూర్యుణ్ని చుట్టడానికి 225 రోజులు. ఏడాది గడిచినా ఒక్క చుట్టూ పూర్తికాదు. కోచింగ్‌లో చేరినవాడికి ఈ అనుభవం చెప్పకుండానే అర్థమవుతుంది కాబట్టి ఈ బిట్టు ఎవరూ మర్చిపోరు.

మొన్నామధ్య ఒక సాయంత్రం భద్రకాళి బండ్ మీద నడుస్తుంటే పడమర వైపు దీపంలా ఒక చుక్క. నా పక్కన నడుస్తున్న కుర్రవాడు సైన్స్ అండ్ టెక్నాలజీలో గట్టివాడు, శుక్రుడి గురించి పైన రాసినవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు.

“అదేంటి తమ్మీ?” అన్నాను.

కాసేపు చూశాడు. “డ్రోన్ అన్నా. ఎవరిదో ప్రీ వెడ్డింగ్ షూట్ నడుస్తున్నట్టుంది” అన్నాడు.

ఇందులో అతని తప్పేమీ లేదని మనవి చేస్తున్నాను. సిలబస్‌లో శుక్రుడు ఉన్నాడు, పడమర లేదు. పేపర్‌లో శుక్రుడు ఎప్పుడూ ఎ, బి, సి, డిలలో ఒకదాని పక్కన ఉంటాడు. పక్కన అక్షరం లేకుండా ఊరికే ఆకాశంలో కనపడితే గుర్తుపట్టమనడం అన్యాయం.

కిషన్‌పురలో ఛాయ్ అమ్మే కాకాకు ఈ సూక్ష్మం తెలియదు. ఆయన చదివింది ఐదో తరగతి. పిల్లలు గ్లాసులు పట్టుకుని బిట్లు అడుక్కుంటుంటే ఆయనకూ ఉత్సాహం వచ్చి ఒకరోజు నోరు విప్పాడు.

“శనికి గన్ని చంద్రులుంటే ఆడ పున్నం ఎప్పుడొస్తది తమ్మీ? జాతర ఎప్పుడు జేసుకుంటరు మరి?”

పిల్లలు పకపకా నవ్వారు. నేను నవ్వలేదు. మాఘశుద్ధ పౌర్ణమిని పట్టుకుని రెండేళ్లకోసారి మేడారం పోయే మనిషికి 274 చంద్రులంటే ముందుగా తట్టాల్సిన ప్రశ్న అదే. వాటిలో అన్నిటికన్నా పెద్దది టైటాన్, బుధ గ్రహం కంటే పెద్దది. అది శని చుట్టూ తిరగడానికి దాదాపు 16 రోజులు. ఒక్క టైటాన్‌నే లెక్కలోకి తీసుకున్నా పదహారు రోజులకో పున్నమి. మిగతా 273 కూడా కలిస్తే మొక్కుబడి బంగారం, అంటే బెల్లం, తూకాలకే ఉన్నదంతా అయిపోతుంది. ఈ మాట చెబితే కాకా ఒప్పుకున్నాడు.

“సరే, మీరు గింత సదివిన్రు గద. ఇయ్యాల మన చంద్రుడు ఎన్ని గంటలకు ఎల్తడో జెప్పున్రి” అన్నాడు.

నిశ్శబ్దం. అందరికీ చంద్రుడి దూరం తెలుసు, 3,84,400 కిలోమీటర్లు. చంద్రయాన్-3 దిగిన తేదీ తెలుసు, 2023 ఆగస్టు 23, సాయంత్రం 6 గంటల 4 నిమిషాలు. దిగిన చోటి పేరు శివశక్తి అని, ల్యాండర్ విక్రమ్ అని, రోవర్ ప్రజ్ఞాన్ అని, ఆ రోజే జాతీయ అంతరిక్ష దినోత్సవమని తెలుసు. చివరికి ఒకడు గ్లాసు కింద పెట్టి అన్నాడు:

“ఆప్షన్లు చెప్పు కాకా.”

కాకా దగ్గర ఆప్షన్లు లేవు. నిన్న ఎప్పుడు వచ్చాడో చూసి, దానికి ముప్పావు గంట పైచిలుకు కలుపుకుంటే సరి అన్నాడు. అది ఏ పబ్లికేషన్స్‌లో ఉందని అడిగితే మాత్రం చెప్పలేకపోయాడు. ఆధారం చూపని జవాబును పరిగణనలోకి తీసుకోలేమని పిల్లలు తేల్చేశారు.

ఇలాంటి ఆధారంలేని ఖగోళశాస్త్రం ఈ జిల్లాల్లో ప్రమాదకరమైన స్థాయిలో పెరిగిపోయి ఉంది. మిరుగు నాడు ధర ఎంతైనా చేపలు కొనే జనం, ఆ రోజు సూర్యుడు మృగశిరా నక్షత్రం దగ్గరికి చేరాడని లెక్క కట్టినట్టే. అప్పుడు ఆ నక్షత్రం ఎండ వెలుగులో మునిగి కనపడదు కూడా, అయినా నమ్మి మొలకలు పోస్తారు. ఏడాదిని 27 కార్తెలుగా కోసి, ఒక్కోదానికి పదమూడు పద్నాలుగు రోజులు పంచి, వాన పడే కార్తె ఏదో పడని కార్తె ఏదో సామెతలు కట్టిపెట్టారు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు చంద్రుడు ఉండడని, సద్దుల నాటికి సగం అవుతాడని, బతుకమ్మను నీళ్లలో వదిలి ఇంటికొచ్చే దారిలో పడమటి వైపు వాలి ఉంటాడని మా ఇంటి ఆడవాళ్లకు ఏ కోచింగూ లేకుండా తెలుసు. వీటిలో ఒక్కటీ బిట్టుగా రాలేదు. రాకూడదు కూడా. వస్తే మా అవ్వలు టాపర్లవుతారు. రిజర్వేషన్ రోస్టర్ మొత్తం తలకిందులవుతుంది.

మనోభావాల సమస్య ఒకటి వేరే ఉంది. 2021 జులై 11న బండ్ల శిరీష అంతరిక్షానికి వెళ్లొచ్చినప్పుడు తెలుగువాళ్లంతా సంబరపడ్డాం. ఆ నౌక ఎగిరింది 86 కిలోమీటర్ల ఎత్తు. అమెరికా ప్రభుత్వం లెక్కన 80 దాటితే అంతరిక్షమే. కార్మన్ రేఖ లెక్కన 100 దాటాలి. మరి ఆమె వెళ్లినట్టా, గుమ్మం దాకా వెళ్లినట్టా? మన గడ్డ మీద ఈ ప్రశ్నకు ఒకటే జవాబు, వెళ్లింది. అంతరిక్షం ఎక్కడ మొదలవ్వాలో దానిదే బాధ్యత.

తెలుగు విషయంలో అంతరిక్షం ఒక్క మంచిపని చేసింది, ఒప్పుకోవాలి. 1977లో బయల్దేరిన రెండు వాయేజర్ల మీదా బంగారు పూత రికార్డు ఉంది. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి, తెలుగు ఒకటి. మనిషి చేసిన వస్తువుల్లో వాయేజర్-1ని మించి దూరం పోయింది లేదు కాబట్టి, తెలుగు వాక్యం కూడా అంతదూరం పోయినట్టే. సగం కూకట్‌పల్లి డాలస్ చేరకముందే ఆ మాట గురుడిని, శనిని దాటేసింది. ఎవరైనా విని తిరిగి పలకరిస్తే కనీసం అటెస్ట్ చేయడానికి మన దగ్గర గెజిటెడ్ ఆఫీసర్లు సిద్ధంగా ఉండాలి.

ఈ పరిస్థితుల్లో మా డిమాండ్లు మితమైనవి. చంద్రుల సంఖ్యను నోటిఫికేషన్ తేదీ నాటికి స్తంభింపజేయాలి, తర్వాత దొరికినవాటిని తదుపరి ఖాళీల్లో చూపించాలి. ప్లూటోను బకాయిలతో సహా పాత పోస్టులోకి తీసుకోవాలి. ‘భూమికి అతి సమీప నక్షత్రం’ అడిగి సూర్యుడిని, ప్రాక్సిమా సెంటారీని ఒకే ప్రశ్నలో పెట్టి పిల్లలతో ఆడుకోవడం మానాలి. ఒకటి ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్ల దూరం, రెండోది నాలుగేళ్ల పైచిలుకు దూరం, రెండూ కాంతి వేగంతోనే. మన ఫలితాలు వచ్చే వేగంతో లెక్కేస్తే రెండూ ఒకటే.

ఈ వినతిపత్రం ముసాయిదాను స్టడీ హాల్లో చదివి వినిపించాను. సంతకాలు బాగానే వచ్చాయి. ఖగోళంలోనూ మనలాంటివాడు ఒకడున్నాడని ధైర్యం చెప్పడానికి ఎడ్మండ్ హేలీ కథ కూడా చెప్పాను. 1531, 1607, 1682లలో కనపడిన తోకచుక్కలు మూడూ ఒకటేనని, 1758లో మళ్లీ వస్తుందని ఆయన 1705లో జవాబు రాసిపెట్టాడు. చెప్పినట్టే 1758 డిసెంబర్‌లో కనపడింది. జవాబు కరెక్టు. కానీ కీ వచ్చేసరికి పదహారేళ్లయింది ఆయన పోయి.

వెనక వరసలోంచి ఒకతను చెయ్యెత్తాడు. ఆయన ఎప్పుడు పుట్టాడని అడిగాడు. 1656 అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

“అంటే ఫైనల్ కీ నాటికి 102 సార్. ఆయనకు ఏజ్ రిలాక్సేషన్ ఏమన్న ఉండెనా?”