మా కోనసీమకి రైలెప్పుడండీ?

కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలుందండీ. నలభై అయిదు కిలోమీటర్లు, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది, 1940లో పట్టాలు పీక్కుపోయారు. యుద్ధం ఎక్కడో, మా పట్టాలెక్కడో! మళ్ళీ వేసేసరికి 2004. అరవై ఏళ్ళు దాటింది. మా తాత ఎక్కిన రైలు మా నాన్నకి దొరకలేదు.

తీరా వేశాక వదిలిందేంటయ్యా అంటే, ఒంటిపెట్టె రైలుబస్సు! దాని టైము ఆఫీసుకెళ్ళేవాడికీ కాదు, కాలేజీ పిల్లలకీ కాదు. ఎక్కేవాళ్ళు లేరంటారు. ఎలా ఎక్కుతారండీ, పొద్దున్నే రెండు, సాయంత్రం రెండు తిప్పి చూస్తే కదా తెలిసేది!

సరే, కోటిపల్లిలో దిగారనుకోండి. ముందు గోదావరి పాయ గౌతమి, అది దాటితేనే కోనసీమ. పంటు కోసం, అంటే ఏరు దాటించే పెద్ద పడవ కోసం రేవులో నిలబడాలి, అవతల ముక్తేశ్వరంలో మళ్ళీ ఆటో బేరం. వరదొస్తే ఆ పంటూ బంద్.

కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురం దాకా లైను మంజూరైంది 2000 ప్రాంతంలో, మా బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్నప్పుడు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయల మీదా వంతెనలు కట్టాలి, చిన్న పని కాదు, ఒప్పుకుంటాను. కానీ పాతికేళ్ళా? అప్పుడు పుట్టిన పిల్లలకి పెళ్ళిళ్ళవుతున్నాయి. ఆ పెళ్ళికి హైదరాబాదు నుంచొచ్చే చుట్టాలు మాత్రం ఇప్పటికీ రాజమండ్రిలో దిగి, కారు మాట్లాడుకుని, రావులపాలెం ట్రాఫిక్కుని తిట్టుకుంటూ వస్తున్నారు.