హోమోసిస్టీన్ గారికి గుంటూరులో పౌర సన్మానం

కొలెస్ట్రాల్‌కి వయసైపోయింది. బ్రాడీపేటలో పొద్దున వాకింగ్‌కి వచ్చే పెద్దమనుషుల దగ్గర దాని మాటెత్తితే ఇప్పుడు ఎవరూ పట్టించుకోవడం లేదు. కొత్త హీరో హోమోసిస్టీన్: రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం, ఇది ఎక్కువైతే గుండె జబ్బుల ముప్పుతో ముడిపెడతారు. "నాకు 22 అండీ" అని ఒకాయన అంటే, "మా బావమరిదికి 31" అని ఇంకొకాయన పైచేయి సాధిస్తాడు. లీటరుకి 15 మైక్రోమోల్స్ దాటకూడదని రిపోర్టు మీదే ఉంటుంది గానీ, ఇంటర్ మార్కుల దగ్గర్నుంచీ మనకి ఏ నంబరైనా ఎక్కువొస్తేనే గొప్ప.

ఏ జబ్బూ లేని మనిషి రక్తంలో దీన్ని పెంచడం మాటలు కాదు. అందులో మన జిల్లా కృషిని ఎవరూ గుర్తించడం లేదన్నదే నా బాధ.

మొదటి శాలువా పొగాకుకి. దేశం మొత్తానికీ పొగాకు బోర్డు మన గుంటూరులోనే ఉంది కదా. సిగరెట్ తాగేవాళ్లలోనూ, కాఫీ దండిగా తాగేవాళ్లలోనూ హోమోసిస్టీన్ ఎక్కువని నార్వేలోని హోర్డలాండ్‌లో 1990ల్లోనే వేల మందిని పరీక్షించి తేల్చారు. ఒక చేత్తో సిగరెట్, ఇంకో చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని బడ్డీ కొట్టు దగ్గర రాజధాని భవిష్యత్తు తేల్చే మన సోదరుడు అవేమీ చదవకుండానే రెండూ ఆచరిస్తున్నాడు.

రెండోది వంటింటికి. హోమోసిస్టీన్‌ని ఒంట్లో పేరుకోకుండా వేరే పనికి మళ్లించాలంటే ఫోలేట్, బి12, బి6 కావాలి. ఫోలేట్ ఆకుకూరల్లో పుష్కలం, కానీ అది వేడికి తట్టుకోదు, నీళ్లలోకి దిగిపోతుంది. మనం తోటకూరని మెత్తగా ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోస్తాం, గోంగూరని నూనెలో మగ్గబెట్టి జాడీకెత్తుతాం. 1940ల్లో అమెరికాలో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఒక తెలుగాయన అంత దూరం వెళ్లి అంత కష్టపడి సాధించినదాన్ని మనం ఇంట్లో కూర్చుని రోజూ సింకులో పోస్తున్నాం.

మూడో శాలువా గ్యాస్ బిళ్లకి, ఇది కాస్త పెద్ద శాలువా. మిర్చి యార్డు ఉన్న ఊరు కాబట్టి పొద్దున ఇడ్లీలోకి కారప్పొడి, మధ్యాహ్నం పచ్చడి, సాయంత్రం మిరపకాయ బజ్జీ, రాత్రికి ఛాతీలో మంట, తెల్లారి పరగడుపున గ్యాస్ బిళ్ల. డాక్టర్ని అడగకుండా ఏళ్ల తరబడి! తిండిలోని బి12ని విడదీయడానికి కడుపులో యాసిడ్ కావాలి, మనం యాసిడ్‌నే ఆపేశాం. ఇక శాకాహారులకి బి12 వచ్చేది పాలు, పెరుగుల్లోంచే, ఆ పెరుగుని కూడా గరిటెడు పెరుగుకి చెంబెడు నీళ్లు చొప్పున మజ్జిగ చేసి పోస్తాం. (కార్తీక మాసంలో నెల రోజులు మాంసం మానేసినందుకు కంగారు పడకండి, కాలేయంలో బి12 నిల్వ ఏళ్లకి సరిపడా ఉంటుంది.)

వయసు, మగపుట్టుక, కాస్త మందగించిన కిడ్నీలు, పైకి తెలియని థైరాయిడ్ లోపం, ఫోలేట్‌ని ఒంట్లో వాడుకోవడానికి పనికొచ్చే ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యువులో నాన్నగారో అమ్మగారో ఇచ్చిన తేడా, వీటికి శాలువాల్లేవు. మన ప్రతిభేమీ లేదు కదా.

"ఇంత గొడవెందుకు, విటమిన్ బిళ్ల వేస్తే దిగిపోతుందిగా" అంటారు. దిగుతుంది, నంబరు. 2006లో వచ్చిన హోప్-2, నార్విట్ పరిశోధనల్లో, అప్పటికే గుండె జబ్బో సుగరో ఉన్నవాళ్లకి బి విటమిన్లు ఇస్తే హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు తగ్గలేదు. బి12 నిజంగా లోపిస్తే వేసుకోవాల్సిందే, నరాలు పాడవుతాయి. కానీ మనవాడు వేసుకునేది సిగరెట్ మానకుండా ఉండటానికి.

ఆఖరి శాలువా మాత్రం శాంపిల్ తీసుకెళ్లే కుర్రాడి బైకుకి కప్పాలి. తీసిన రక్తాన్ని మంచులో పెట్టి త్వరగా ఎర్రకణాల్ని వేరుచేయకపోతే అవి హోమోసిస్టీన్‌ని వదులుతూనే ఉంటాయి, గంటకి సుమారు 10 శాతం చొప్పున పెరుగుతుంది. మే నెలలో ఆ బ్యాగు లక్ష్మీపురం, కొరిటెపాడు, అరండల్‌పేట చుట్టి, మధ్యలో కుర్రాడు టిఫిన్ చేసి ల్యాబ్‌కి చేరేసరికి ఎంత పెరిగి ఉంటుందో, అందులో పెద్దమనిషి సొంత కష్టమెంతో, గుంటూరు ఎండ వాటా ఎంతో సన్మాన కమిటీయే తేల్చాలి.