మా మేనల్లుడు ఇమిగ్రేషన్‌లో చేరిన కథ

మా అక్క కొడుకు తిరుపతిలోనే లా చదువుతున్నాడు. అయిదేళ్ల కోర్సువాళ్లు మొత్తం 20 వారాల ఇంటర్న్‌షిప్ చేసి తీరాలనీ, ఏ ఏడాదిలోనూ వరసగా నాలుగు వారాలకు మించకూడదనీ బార్ కౌన్సిల్ 2008లో నియమం పెట్టింది. ఈ ఎండాకాలపు నాలుగు వారాలకు వాడు వలస కార్మికుల హక్కుల పని ఎంచుకున్నాడు. అంత పొడుగు మాట ఫోనులో చెప్పలేక మా అక్క "వాడు ఇమిగ్రేషన్‌లో చేరాడు" అని ఊరుకుంది. ఆ ఒక్క మాటతో మా ఇంటికి వాటిల్లిన అప్రతిష్ఠను ప్రజల ముందు పెట్టడం మేనమామగా నా విధి.

మర్నాడు ఉదయానికే మా వరండా కాన్సులేటు అయింది. రెండుసార్లు వీసా తిరస్కరించిన కొడుకును వెంటబెట్టుకుని కొర్లగుంట నుంచి ఒకావిడ వచ్చింది. బైరాగిపట్టెడ పెద్దాయన, అమెరికా వీసా ప్రస్తుతానికి ఇవ్వలేమంటూ తన అల్లుడికిచ్చిన 221(జి) చీటీని లామినేషన్ చేయించి తెచ్చాడు, దానితోపాటు బేనీషా మామిడిపళ్ల బుట్ట. ఏడుకొండలవాడు కళ్లెదుటే ఉండగా వీసాల కోసం చిలుకూరు బాలాజీ దాకా పోయి 11 ప్రదక్షిణలు చేసివచ్చిన జనం వీళ్లు. స్వామివారికి లేని పట్టింపు నాకెందుకు గానీ, ఊరివాడిగా కాస్త నొచ్చుకుంటాను. ఇలాంటి సభలో మావాడు లేచి, "నేను చూసేది కువైట్ వెళ్లినవాళ్ల కేసులండీ" అన్నాడు. పెద్దాయన బుట్టను నెమ్మదిగా తన కాళ్ల దగ్గరికి లాక్కున్నాడు.

ఆయన తప్పేమీ లేదు. వలసల మీద మన ప్రాంతంలో ఎవరూ రాయని చట్టం ఒకటి ఎప్పటినుంచో అమల్లో ఉంది. అమెరికాకు 'వెళ్తారు', కువైట్‌కు 'పోతారు'. వెళ్లినవాడు ఎన్నారై, పోయినది ఖద్దామా, అంటే అరబ్బుల ఇంట్లో పనిమనిషి. మా అల్లుడు పన్నెండేళ్లుగా గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్నాడు. ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 కార్డులు, ఒక్కో దేశానికి 7 శాతం. ఈ లెక్క మా వీధిలో పాలు పోసే కుర్రవాడికి కూడా కంఠతా వచ్చు, అతనికి నేను అన్నిసార్లు చెప్పాను. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కూర్చున్న భక్తుడికైనా పాలు, ఉప్మా అందుతాయి. మా అల్లుడికి అదీ లేదు. ఇది మానవ హక్కుల ఉల్లంఘన. పీలేరు నుంచో రాయచోటి నుంచో పోయిన ఆడమనిషి పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండిపోతే, అది ఆమె నుదుటిరాత. రెండింటినీ కలపకూడదు.

పైగా ఆమెకు చట్టాల లోటెక్కడ? 1983 నాటి వలసల చట్టం ఉంది. పదో తరగతి పాసుకానివాళ్ల పాస్‌పోర్టుకు ఒక గుర్తు తగిలించి, 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తెచ్చుకోమంటారు. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద పన్ను తప్ప పైసా ముట్టకూడదు. 275 రూపాయలు కడితే రెండేళ్లపాటు 10 లక్షల బీమా. అటు కువైట్ 2015లో చేసిన చట్టం పాస్‌పోర్టు దాచుకోవద్దంది, రోజుకు 12 గంటలకు మించి పని చేయించవద్దంది, వారానికో సెలవు ఇమ్మంది. ముప్ఫై ఏళ్ల గుమాస్తాగిరీలో ఇంత వైభోగం నేనెరగను. విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తే ఇందులో ఏ తంటా ఉండదని కనిపెట్టిన ఏజెంట్లకు మాత్రం ఇంతవరకు ఎవరూ ఒక శాలువా కప్పలేదు.

మావాడి నిర్వాకం చూద్దామని ఒకరోజు వెళ్లాను. మే నెల, తిరుపతి, మధ్యాహ్నం. ఇంటర్న్‌షిప్‌లో తెల్లచొక్కా, నల్లటై, నల్లకోటు వేసుకోవాలని నియమం రాసిన పెద్దలు ఈ నెలలో ఈ ఊరికి వచ్చి ఉండరు. వాడి ఎదురుగా పీలేరు వైపు నుంచి వచ్చిన ముసలాయన. చేతిలో బట్టల దుకాణం కవరు, అందులో అరబ్బీలో ఉన్న వీసా జిరాక్సు, ఏజెంటు ఇచ్చిన రసీదు. రసీదంటే క్యాలెండరు నుంచి చింపిన ముక్క. 'పైకం ముట్టినది' అని ఉంది, ఎంత ముట్టినదో లేదు.

"యజమాని పేరేమిటి తాతా?"

"బాబా అంటుంది మా బిడ్డ."

"యజమానురాలి పేరు?"

"మామా."

"పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది?"

"మామా దగ్గరే ఉంది సార్. అడిగితే ఇవ్వడం లేదట."

అందరూ నా వైపే చూశారని నా అనుమానం. అక్కడ ఇంటాయనను బాబా అనీ, ఇంటావిడను మామా అనీ పిలుస్తారని మావాడు తర్వాత చెప్పాడు. ఫిర్యాదు ఫారంలో మాత్రం యజమాని పూర్తి పేరు రాయమని ఒక గడి ఉంది. జిరాక్సులో ఆ పేరు ఉండవలసిన చోట మడత పడి చెరిగిపోయింది. వాడు దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూస్తూ, అరబ్బీ చదవగలవారి కోసం నలుగురికి ఫోన్లు చేస్తూ పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. కోటు విప్పలేదు, ముసలాయన ఆ కోటును చూసే ధైర్యంగా ఉన్నాడట. జీతం సున్నా. బస్సు ఛార్జీ కూడా ఆయనకు వీడే ఇచ్చాడు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. ఆ రాత్రి వాడు మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. మా అమ్మాయి పురిటికని విజిటర్ వీసా మీద డాలస్ వెళ్లి, ఆరు నెలలుండి, మా ఆవిడ కిందటి నెలే తిరిగివచ్చింది.

"అత్తయ్యా, అక్కడ ఎన్నింటికి లేచేవారు?"

"అయిదింటికి. పసివాడు లేచేలోపు వంట కావాలి కదా."

"పడుకునేది?"

"పదకొండు దాటేది."

"ఆదివారాలు?"

"ఆదివారాలే ఎక్కువ పని నాయనా. వాళ్ల స్నేహితులు భోజనాలకు వస్తారు."

"పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండేదా?"

"నా దగ్గరెందుకు, ఎక్కడ పారేస్తానో! అల్లుడి బీరువాలో భద్రంగా ఉండేది."

ఇంటర్న్‌షిప్‌లో రోజూ డైరీ రాయాలట. వాడు చెయ్యి కడుక్కుని వచ్చి డైరీ తెరిచాడు. ఏమి రాశావురా అంటే చూపించలేదు. కక్షిదారుల వివరాలు బయటపెట్టకూడదట.